మక్క గింజ సఫర్‌నామా: గింజ వచ్చింది, హునర్ రాలేదు

వానలు మొదలైతే చాలు, బస్టాండు ముందు, మసీదు సందు మొగదల బొగ్గుల మీద బుట్టాలు కాల్చే బండ్లు వచ్చేస్తాయి. ఒక కంకి అయ్యాక పిల్లలు ఇంకోటి అడిగితే ఇంట్లో బుజుర్గులు అనే మాట ఒకటే: "బస్ కరో, హజమ్ నై హోతా." మక్క అరగదు, కడుపులో నొప్పి వస్తుంది, దాంట్లో తాకత్ లేదు, అది గరీబుల తిండి. మన ఘరానాల్లో ఈ మాటలన్నీ కలగలిసే వినిపిస్తాయి. వీటిని విడదీసి చూస్తే మాత్రం వెనుక ఒక పెద్ద తారీఖే ఉంది. అందులో లక్షల మంది మరీజులున్నారు, జైలు ఖైదీలున్నారు, యతీంఖానా పిల్లలున్నారు. చివరికి మన హైదరాబాద్ కూడా ఉంది.

ముందు హాజ్మా సంగతి తేల్చేద్దాం. మక్క గింజ పైపొట్టు గట్టి పీచుతో తయారైంది. దాన్ని కరిగించే రసం మనిషి కడుపులో ఊరదు. ఆవు, మేక కడుపుల్లో ఆ పని చేసిపెట్టే సూక్ష్మజీవులు బోలెడు ఉంటాయి. మన పెద్దపేగులో ఉన్నవి కొంతవరకే చేయగలవు. అందుకే సరిగ్గా నమలకుండా మింగిన గింజ మర్నాడు గింజలాగే కనిపిస్తుంది. అది చూసి "ఏమీ ఒంటబట్టలేదు" అనుకోవడం గలత్‌ఫహమీ. చాలాసార్లు అక్కడ కనిపించేది పొట్టే, లోపలి సరుకు ఒంట్లోకి వెళ్ళిపోయి ఉంటుంది. బాగా నమిలినా, పిండి పట్టించి రొట్టె చేసినా, రవ్వ ఆడించి గటక వండినా మక్క హాయిగానే అరుగుతుంది.

ఇక తాకత్. 100 గ్రాముల ఎండు మక్కల్లో సుమారు 9 గ్రాముల ప్రొటీన్, 4 గ్రాముల దాకా నూనె ఉంటాయి. ప్రొటీన్ లెక్కలో బియ్యానికి తీసిపోదు సరికదా, ఒక మెట్టు పైనే. పసుపు మక్కల్లో ఒంట్లోకి వెళ్ళాక విటమిన్ ఏ గా మారే రంగు పదార్థాలు కూడా ఉంటాయి. తెల్ల మక్కల్లో అవి దాదాపు ఉండవు. కాగితం మీద చూస్తే ఇంత మంచి గింజ. అయినా ఇదే గింజను నమ్ముకున్న లక్షల మంది రెండు వందల ఏళ్ళ పాటు చర్మం పగిలి, మతి చెడి చనిపోయారు. అదే గింజను వేల ఏళ్ళుగా తిన్న ఇంకో కౌమ్‌కి ఆ బీమారీ పేరు కూడా తెలియదు.

ఆ కౌమ్ మెక్సికోది. సుమారు 9000 ఏళ్ళ కింద, మెక్సికో నైరుతి దిక్కున బల్సాస్ నది లోయలో, టియోసింటే అనే గడ్డి నుంచి మనుషులు మక్కను తయారు చేసుకున్నారు. తయారు చేసుకున్నారనే అనాలి. ఆ గడ్డి కంకి చిటికెన వేలంత కూడా ఉండదు, గింజలు పదో పన్నెండో. తరాల కొద్దీ మంచి విత్తనం ఎంచి, దాచి, మళ్ళీ నాటి దాన్ని ఈ రూపానికి తెచ్చారు.

అంతకన్నా గొప్ప పని వాళ్ళు వంటింట్లో చేశారు. ఎండు మక్కల్ని సున్నపు నీళ్ళలోనో, కట్టె బూడిద కలిపిన నీళ్ళలోనో ఉడికించి, రాత్రంతా అలాగే నాననిచ్చేవారు. పొద్దున్నే కడిగితే పొట్టు జారిపోతుంది, గింజ మెత్తబడి ఉంటుంది. దాన్ని మన సిల్‌బట్టా లాంటి రాతి మీద నూరితే సాగే ముద్ద అవుతుంది. ఆ ముద్దను రొట్టెగా తట్టి కాలిస్తే టోర్టియా. ఆ నానిన గింజల పేరు నిష్టమల్. బూడిద అనే మాటను, పిండిముద్ద అనే మాటను కలిపి నహువాత్ల్ భాష వాళ్ళు ఆ పేరు పెట్టుకున్నారు. గ్వాటెమాలా దక్షిణ తీరంలో దొరికిన పాత సామాను చూస్తే, క్రీస్తుకు పన్నెండు వందల, పదిహేను వందల ఏళ్ళ ముందే ఈ హునర్ ఉన్నట్టు తెలుస్తుంది.

మన ఇళ్ళకు ఈ సున్నం కొత్తదేమీ కాదు. పాన్‌దాన్‌లో కత్తా పక్క గిన్నెలో ఉండే చూనా ఉంది చూశారా, రసాయనంగా అదే ఇది. మనం దాన్ని తమలపాకుకు రాశాం, వాళ్ళు మక్కలకు పట్టించారు. (ఇది చదివి పాన్ డబ్బాలోంచి చూనా తీసి మక్కల కుండలో వేయకండి. తినేందుకు పనికొచ్చే శుద్ధమైన సున్నం వేరే ఉంటుంది. అదీ మక్కల బరువులో వందో వంతు చాలు, తర్వాత బాగా కడగాలి.)

ఎందుకు చేస్తున్నారో వాళ్ళకు కెమిస్ట్రీ భాషలో తెలియదు. పొట్టు ఊడుతుంది, రొట్టె సాగుతుంది, రుచి బాగుంటుంది. అంతవరకు తెలుసు, అంతవరకు చాలు. ఆ సున్నంలోని కాల్షియం కూడా రొట్టెలోకి దిగుతుంది. పాలు లేని ఆ దేశంలో ఎముకలకు బలం టోర్టియాల నుంచే వచ్చింది. ఇంకో పెద్ద ఫాయిదా ఉంది. దాని దగ్గరికి తర్వాత వద్దాం.

కొలంబస్ 1492లో కరీబియన్ దీవులకు చేరాడు, మరుసటి ఏడు మక్క గింజలు స్పెయిన్‌కి చేరాయి. అక్కడి నుంచి దాని సఫర్ ఎంత జోరుగా సాగిందంటే, ఎవరికీ అది ఎక్కడిదో గుర్తులేకుండా పోయింది. ఇటలీ వాళ్ళు దాన్ని టర్కీ గింజ అన్నారు. టర్కీ వాళ్ళు మిసిర్ అన్నారు, అంటే ఈజిప్టుది అని. ఈజిప్టు వాళ్ళు జురా షామియా అన్నారు, అంటే షామ్ దేశపు జొన్న. ప్రతివాళ్ళూ పక్కింటివాళ్ళ పేరు చెప్పారు, అసలు ఇంటివాళ్ళ పేరు ఎవరూ చెప్పలేదు. మన వైపు మక్కా, మకై, మక్కజొన్న. ఈ పేరును మక్కా షరీఫ్‌తో కలిపి చెప్పేవాళ్ళున్నారు గానీ, వినడానికి ఒకేలా ఉండటం తప్ప దానికి గట్టి సబూత్ లేదు. గమనించాల్సింది ఏమిటంటే, అరబ్బులూ మనమూ కూడా దీన్ని ఒక రకం జొన్నగానే లెక్కేశాం. కొత్త గింజను పాత గింజలాగే వండుకున్నాం. తప్పు పట్టాల్సిన పని లేదు, ప్రపంచమంతా అదే చేసింది. సముద్రం దాటి గింజ వచ్చింది. దాని వెంట సున్నపు కుండ రాలేదు. మరలున్న దేశాలకు పొట్టు తీయడానికి రాత్రంతా నానబెట్టే అవసరమే కనబడలేదు.

దెబ్బ ముందుగా స్పెయిన్‌లోనే తగిలింది. ఉత్తరాన అస్తూరియాస్ అనే కొండ ప్రాంతం, ఒవియేదో పట్నం. అక్కడి హకీం గాస్పర్ కసాల్ 1735లో ఒక వింత బీమారీని గమనించాడు. ఎండ తగిలే చోటల్లా, అంటే చేతుల మీద, పాదాల మీద, మెడ చుట్టూ చర్మం ఎర్రబారి, గరుకై, పొక్కులు కట్టేది. మెడ చుట్టూ హారం వేసినట్టు ఉండే ఆ మచ్చను డాక్టర్లు నేటికీ కసాల్ హారం అనే పిలుస్తారు. జనం దాన్ని గులాబీ జబ్బు అనేవాళ్ళు. చూడండి ఎంత అందమైన పేరో. చర్మంతో మొదలై విరేచనాలు పట్టుకుని, తర్వాత మతి తప్పించి, చివరికి ప్రాణం తీసే జబ్బు అది. ఆ మరీజులంతా గరీబులని, వాళ్ళ ముఖ్య ఖురాక్ మక్క అని, మాంసం అరుదుగా తింటారని కసాల్ రాసుకున్నాడు. పాలు, గుడ్లు, మాంసం పెడితే కుదురుతుందనీ చూశాడు. ఆయన పోయాక 1762లో ఆ కితాబ్ అచ్చయింది. అసలు జవాబు అందులోనే ఉంది. దాన్ని ప్రపంచం ఒప్పుకోవడానికి ఇంకో రెండు వందల ఏళ్ళు పట్టింది.

ఇటలీలో అది మహమ్మారి. ఉత్తర ఇటలీ పల్లెల్లో రైతు గోధుమ పండించి జమీందారు వాటా ఇచ్చి, మిగిలింది అమ్ముకుని, తను మాత్రం పొలెంటా తిని బతికేవాడు. పొలెంటా అంటే మక్క రవ్వతో చేసే ముద్ద, మన గటకకు చుట్టమే. మూడు పూటలా అదే. మిలాన్ డాక్టర్ ఫ్రాపోల్లీ 1771లో ఆ జబ్బును పెల్లాగ్రా అనే పేరుతో రాశాడు, గరుకు చర్మం అని దాని అర్థం. 1881 నాటి లెక్కల్లో ఇటలీలో లక్షకు పైగా పెల్లాగ్రా మరీజులున్నారు. పాగల్‌ఖానాలు వాళ్ళతో నిండిపోయాయి. లొంబ్రోసో లాంటి పేరున్న డాక్టర్లు, బూజు పట్టిన మక్కలో విషం ఉంటుందని, అదే కారణమని గట్టిగా వాదించారు. ఈ వాదన హుకూమత్‌కి చాలా సౌకర్యంగా ఉండేది. మక్కను ఆరబెట్టమని, మంచి మక్క తినమని చెబితే సరిపోతుంది. రైతు దస్తర్ఖాన్ మీద పాలు, గుడ్లు, మాంసం ఎందుకు లేవని ఎవరూ అడగనక్కర్లేదు.

ఈజిప్టులోనూ ఇదే కథ. నైలు ఒడ్డు ఫల్లాహీన్, అంటే రైతు కూలీలు, మక్క రొట్టెల మీదే బతికేవాళ్ళు. 1890లలో కైరోలోని కస్ర్ అల్ ఐనీ దవాఖానాలో పనిచేసిన శాండ్‌విత్ అనే ఇంగ్లీషు డాక్టర్ వాళ్ళలో పెల్లాగ్రాను గుర్తించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళకు చిక్కిన ఉస్మానీ సిపాయిలు ఈజిప్టు క్యాంపుల్లో ఖైదీలుగా ఉన్నప్పుడు వాళ్ళలో ఈ బీమారీ అంత ఎక్కువగా కనబడేసరికి, విచారణ కమిటీ వేసి 1918లో అలెగ్జాండ్రియాలో రిపోర్టు అచ్చువేయాల్సి వచ్చింది. ఖిలాఫత్ పోయింది, సల్తనత్ పోయింది అని ఆ రోజుల గురించి మనం చాలా చదివాం. ఆ సిపాయిలు ఏం తిన్నారు, ఏ జబ్బుతో పోయారు అన్నది మన కితాబుల్లో చాలా తక్కువ.

కథ మలుపు తిరిగింది అమెరికాలో. అక్కడి దక్షిణ రాష్ట్రాల్లో 1906లో, అలబామాలో నల్లజాతి మరీజులనుంచే ఒక పాగల్‌ఖానాలో 88 మందికి ఈ జబ్బు వచ్చింది, 57 మంది చనిపోయారు. తర్వాత వరసగా ప్రతి రాష్ట్రంలోనూ కేసులే. 1940 దాకా లెక్క తీస్తే దాదాపు 30 లక్షల మందికి వచ్చిందని, లక్ష మంది పోయారని అంచనా.

అప్పుడే ఎందుకు? రెండు కారణాలు ఒకేసారి కలిశాయి. ఒకటి, కొత్త మిల్లులు. పిండి పాడవకుండా దూరప్రాంతాలకు పంపాలంటే గింజలోని మొలకను, దాని నూనెను తీసేయాలి. మొలకతో పాటు మంచి ప్రొటీన్, విటమిన్లు కూడా పోయాయి. రెండోది పత్తి. కౌలు రైతు అప్పు తీర్చడానికి గడప దాకా పత్తే వేసేవాడు. కూరల మడి లేదు, బర్రె లేదు. దుకాణంలో అప్పుకు దొరికేది మక్కపిండి, పందికొవ్వు, బెల్లప్పాకం. గడప దాకా పత్తి వేసి కిరాణా దుకాణంలో ఖాతా పెట్టే రైతు మనకేమీ కొత్త కాదు కదా.

పెద్ద పెద్ద కమిషన్లు వచ్చి ఇది అంటువ్యాధి అని తేల్చాయి. ఈగలో, పురుగులో, మురికో మోసుకొస్తోందన్నారు. ఇంకొందరు నసల్ లోనే, ఖాందాన్ లోనే లోపం ఉందన్నారు. గరీబు జబ్బు పడితే ముందు వాడి శుభ్రత మీద, తర్వాత వాడి రక్తం మీద ఇల్జామ్ పడటం అన్ని దేశాల్లోనూ ఉన్నదే.

1914లో సర్కారు ఈ పని జోసెఫ్ గోల్డ్‌బర్గర్‌కి అప్పగించింది. చిన్నప్పుడు తూర్పు యూరప్ నుంచి వలస వచ్చిన యహూదీ కుటుంబం వాడు. తల్లిదండ్రులు న్యూయార్క్‌లో కిరాణా కొట్టు నడిపేవాళ్ళు. ఆయన వెళ్ళి మైక్రోస్కోప్ ముందు కూర్చోలేదు. పాగల్‌ఖానాలు, యతీంఖానాలు తిరిగి చూశాడు. లోపలున్న మరీజులకు జబ్బు వస్తోంది, వాళ్ళను రాత్రింబగళ్ళు ముట్టుకుంటూ చాకిరీ చేసే నర్సులకు రావడం లేదు. అంటుకునే జబ్బయితే అలా ఎలా? మిసిసిపీలోని జాక్సన్ యతీంఖానాలో ఇంకో సంగతి కనబడింది. పసిపిల్లలకు రాలేదు, పెద్ద పిల్లలకు రాలేదు, ఆరేళ్ళ నుంచి పన్నెండేళ్ళ వాళ్ళకే వచ్చింది. ఎందుకంటే పసివాళ్ళకు పాలు ఇచ్చేవారు. పని చేసే పెద్ద పిల్లలకు మాంసం దొరికేది. మధ్యలో వాళ్ళకు మక్కపిండే.

నాకు ఈ మొత్తం తారీఖులో అన్నిటికన్నా గట్టిగా తగిలేది ఈ ముక్కే. ఎవరూ ఆ పిల్లల మీద జుల్మ్ చేయాలనుకోలేదు. ఉన్న కాస్తను పంచేటప్పుడు, పసివాళ్ళకు అవసరం అని, పనివాళ్ళకు హక్కు అని పంచారు. నడిమి పిల్లల వంతు రాలేదు, అంతే.

గోల్డ్‌బర్గర్ ఆ ఇళ్ళలో పాలు, గుడ్లు, మాంసం, చిక్కుళ్ళు పెట్టించాడు. జబ్బు మాయమైంది. అయినా నమ్మనివాళ్ళు నమ్మలేదు. అప్పుడు తిరగేసి చూపించాడు. 1915లో మిసిసిపీలోని రాంకిన్ జైలు పొలంలో గవర్నర్ మాఫీ ఇస్తానని మాటిస్తే 12 మంది ఆరోగ్యవంతులైన ఖైదీలు ముందుకొచ్చారు. వాళ్ళకు మక్కపిండి, తెల్ల బియ్యం, చిలగడదుంప, బెల్లప్పాకం లాంటివే పెట్టారు. ఒకడు మధ్యలో తప్పుకున్నాడు. మిగిలిన 11 మందిలో ఆరుగురికి ఆర్నెల్లలో పెల్లాగ్రా గుర్తులు వచ్చాయి. ఈరోజు ఇలాంటి తజుర్బాకు ఎవరూ ఇజాజత్ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. విడుదల ఆశ చూపించి తీసుకున్న ఒప్పుకోలును మర్జీ అనగలమా?

ఆయన తన ఒంటినీ వదల్లేదన్నది మాత్రం ఒప్పుకోవాలి. 1916లో పెల్లాగ్రా మరీజుల ఖూన్ తీసి తన ఒంట్లోకి ఎక్కించుకున్నాడు. వాళ్ళ చర్మం పొట్టును, మలమూత్రాలను పిండిలో కలిపి గోలీలు చేసి మింగాడు. తోటి డాక్టర్లూ మింగారు. భార్య మేరీ కూడా ఖూన్ ఎక్కించుకుంది. ఎవరికీ జబ్బు రాలేదు.

ఆ తర్వాత సిడెన్‌స్ట్రైకర్ అనే ఎకనామిక్స్ మనిషితో కలిసి దక్షిణ కరోలినా పత్తి మిల్లుల ఊళ్ళలో ఇంటింటి తిండి, ఇంటింటి ఆమ్దనీ లెక్క తీశాడు. ఆమ్దనీ తగ్గినకొద్దీ పెల్లాగ్రా పెరుగుతూ పోయింది. 1921లో పత్తి ధర పడిపోయినప్పుడు జబ్బు పెరుగుతుందని ముందే హెచ్చరించారు. అమెరికా ప్రెసిడెంట్ కలగజేసుకుని సాయం చేయమంటే, దక్షిణాది లీడర్లు మా ఇలాఖాను బదనాం చేస్తున్నారని మండిపడ్డారు. గోల్డ్‌బర్గర్ 1929లో చనిపోయాడు. ఈస్టు ఈ జబ్బుకు చవకైన ఇలాజ్ అని కనిపెట్టాడు. 1927 మిసిసిపీ వరదల్లో అది పంచారు, పనిచేసింది. అందులోని అసలు పదార్థం ఏమిటో తేలకుండానే పోయాడు.

అది 1937లో తేలింది. విస్కాన్సిన్‌లో ఎల్వెహియెమ్ బృందం, కుక్కలకు వచ్చే పెల్లాగ్రా లాంటి జబ్బును నికోటినిక్ ఆమ్లంతో నయం చేసింది. ఆ మరుక్షణమే మనుషులకూ ఇచ్చారు. రోజుల్లో మతి కుదిరి, చర్మం మానింది. పొగాకు పేరు గుర్తొచ్చి జనం భయపడతారని దానికి నియాసిన్ అని కొత్త పేరు పెట్టారు.

ఇక్కడొక చిక్కుముడి. పాలలో, గుడ్లలో నియాసిన్ చాలా తక్కువ. మక్కలో అంతకన్నా ఎక్కువే ఉంది. మరి పాలు ఎలా కాపాడాయి, మక్క ఎలా ముంచింది? జవాబు రెండు ముక్కలుగా దొరికింది. 1945లో క్రెల్, ఎల్వెహియెమ్ తదితరులు ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నియాసిన్ కొరతను తీర్చగలదని చూపించారు. సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ నుంచి మన ఒళ్ళు ఒక మిల్లీగ్రాము నియాసిన్ తయారు చేసుకుంటుంది. పాలు, గుడ్లు, మాంసం, పప్పుల ప్రొటీన్‌లో అది ఉంది. మక్కలోని ముఖ్య ప్రొటీన్ జీన్. అందులో ట్రిప్టోఫాన్ లేనట్టే, లైసిన్ కూడా లేనట్టే. ఉత్త జీన్ పెట్టిన ఎలుకలు బక్కచిక్కిపోతాయని 1914లోనే ఆస్బోర్న్, మెండెల్ చూపించారు. 9 గ్రాముల ప్రొటీన్ అని పైన రాశానే, ఆ లెక్కలోని మోసం ఇదే. తూకంలో ఉంది, పనిలో సగం లేదు.

రెండో ముక్క ఇంకా చిత్రం. మక్కలో ఉన్న నియాసిన్ చాలావరకు వేరే పదార్థాలతో ముడిపడి తాళం వేసినట్టు ఉంటుంది. మన పేగులు ఆ తాళం తీయలేవు. సున్నం తీస్తుంది. ఆ రాత్రి నానబెట్టడంలో, ఆ ఘాటు నీళ్ళలో ముడి విడిపోతుంది. మెక్సికో ఆడవాళ్ళు మూడు వేల ఏళ్ళకు పైగా రోజూ రాత్రి చేసిన పని అదే. పైగా వాళ్ళ దస్తర్ఖాన్ మీద టోర్టియా పక్కన రాజ్మా లాంటి చిక్కుడు గింజలు ఎప్పుడూ ఉండేవి. మక్కలో లేని లైసిన్, ట్రిప్టోఫాన్ వాటిలో ఉన్నాయి. అరగడం అంటే గింజ కరగడం ఒక్కటే కాదన్నమాట. కరిగిన దాంట్లో ఒంటికి చేతికందేది ఎంత అన్నది అసలు లెక్క. మన బుజుర్గుల "హజమ్ నై హోతా" అనే మాట ఈ అర్థంలో సగం నిజమే.

ఇప్పుడు హైదరాబాద్. మెకారిసన్ అనే డాక్టర్ 1918లో కూనూరు కొండల్లో మొదలుపెట్టిన పోషకాహార పరిశోధనాలయం 1950ల చివర హైదరాబాద్‌కి, జామియా ఉస్మానియా పక్కకు వచ్చింది. తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాక మీదుగా వెళ్ళేవాళ్ళు రోజూ చూసే ఇమారత్ అదే. ఇక్కడి డాక్టర్లకు దవాఖానాల్లో, పాగల్‌ఖానాలో పెల్లాగ్రా మరీజులు కనబడ్డారు. చేతుల మీద, మెడ చుట్టూ అవే మచ్చలు, కసాల్ రాసినవే. కాని వీళ్ళు మక్క తినేవాళ్ళు కాదు. దక్కన్ కూలీలు, జవారీ రొట్టె, జొన్న గటక మీద బతికేవాళ్ళు. జొన్నలో నియాసిన్‌కి మక్కలో ఉన్నంత తాళం లేదు. ట్రిప్టోఫాన్ కూడా మక్కలో ఉన్నంత తక్కువ కాదు. మరి కితాబుల ప్రకారం వీళ్ళకు రాకూడదు. వచ్చింది.

సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య 1960లో లాన్సెట్ పత్రికలో ఒక జవాబు చెప్పారు. జొన్నలోనూ మక్కలోనూ సమానంగా ఉన్నది ఒకటుంది, ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం మోతాదు మించి ఉండటం. అది ట్రిప్టోఫాన్ నుంచి నియాసిన్ తయారయ్యే దారికి అడ్డుపడుతుందని వాళ్ళ వాదన. లోపం ఒక్కటే కాదు, ఎక్కువ కూడా జబ్బు చేయగలదని ఆ మాట. అన్ని దేశాల శాస్త్రవేత్తలూ దీన్ని ఒప్పుకోలేదు. ఇతర చోట్ల చేసిన కొన్ని తజుర్బాల్లో ల్యూసిన్ ప్రభావం అంతగా కనబడలేదు. ఆ బహస్ అలా ఉంచితే, ల్యూసిన్ తక్కువున్న జొన్న విత్తనాల కోసం ఇక్కడ వెతికారు, మన నేల మీది గరీబు జబ్బుకు మన నేల మీదే జవాబు వెతికారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో, ముఖ్యంగా 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాక, జొన్న ఒక్కటే తినే ఇళ్ళలోకి బియ్యం చేరింది. కూర, పప్పు కొంచెం పెరిగాయి. నేడు పెల్లాగ్రా మరీజు అరుదు.

అరుదు అంటే లేదని కాదు. 1990 ప్రాంతంలో మొజాంబిక్ యుద్ధం నుంచి పారిపోయి మలావిలో తలదాచుకున్న ముహాజిర్ల క్యాంపుల్లో 18,000కు పైగా పెల్లాగ్రా కేసులు వచ్చాయి. వాళ్ళ రేషన్లో మక్కతో పాటు పల్లీలు ఉండేవి. పల్లీల సరఫరా ఆగిపోయింది. అంతే. కసాల్ కితాబ్ అచ్చయి రెండు వందల ముప్పై ఏళ్ళు, నియాసిన్ దొరికి యాభై ఏళ్ళు దాటాక, ఒక పల్లీల బస్తా రాకపోవడం వల్ల.

గింజనే మార్చే ప్రయత్నాలూ జరిగాయి. 1960ల మొదట్లో అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీలో లైసిన్, ట్రిప్టోఫాన్ ఎక్కువున్న ఒక మక్క రకాన్ని గుర్తించారు. గింజ మెత్తగా, సున్నపు ముక్కలా ఉండేది, పురుగు పట్టేది, రైతుకు నచ్చలేదు. మెక్సికోలోని అంతర్జాతీయ మక్క, గోధుమ కేంద్రంలో మనవాడు సురీందర్ వాసల్, మెక్సికో శాస్త్రవేత్త ఎవంజెలీనా విల్లెగాస్ ఏళ్ళ తరబడి పనిచేసి గట్టి గింజలో ఆ గుణాన్ని తెచ్చారు. 2000లో ఇద్దరికీ ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. ఇలాంటి రకాలు మన దేశంలోనూ ఉన్నాయి, కాని బజార్లో మామూలు మక్కనూ దీన్నీ పక్కపక్కన పెడితే చూపుకు తేడా తెలియదు. ధర ఎక్కువ ఇచ్చేవాడూ లేడు.

ఇక మన ఇళ్ళ సంగతికొస్తే, భయపడాల్సింది ఏమీ లేదు. వానాకాలం నాలుగు బుట్టాలు తిన్నా, చలికాలం మక్క రొట్టె చేసుకున్నా పక్కన దాల్‌చా ఉంటుంది, పెరుగుంటుంది, గుడ్డుంటుంది. మక్కలో లేనిది వాటిలో ఉంది. షుగర్ ఉన్న పెద్దవాళ్ళు మక్కను కూరగాయ కింద కాక రొట్టె, అన్నం లెక్కలో చూడాలి. పళ్ళు లేని బుజుర్గులకు కాల్చిన కంకి కన్నా మెత్తగా ఉడికిన గటక, దాంట్లో మజ్జిగ పోసిస్తే హాయి. పసిపిల్లలకు పాలు మాన్పేటప్పుడు ఉత్త మక్కపిండి జావ పెట్టడం మాత్రం సరికాదు. పప్పుపొడో, పల్లీపొడో, పాలో, గుడ్డో కలవాలి.

అయినా మన దేశంలో పండే మక్కల్లో పెద్ద భాగం మనుషుల పళ్ళేల్లోకి రానే రాదు. కోళ్ళఫారాలకు పోతుంది. తెలంగాణ, ఆంధ్రలో ఏ ఫారం ముందు ఆగి చూసినా ఆ పసుపు నూక బస్తాలే. కోడి దాణా తయారుచేసేవాళ్ళకు మక్క సంగతి పూర్తిగా తెలుసు. ఉత్త మక్క పెడితే కోడి పెరగదని సోయాచెక్క కలుపుతారు. ఇంకా తక్కువ పడితే లైసిన్ పొడి విడిగా వేస్తారు. ఆపైన విటమిన్ల పొడి, అందులో నియాసిన్ కూడా ఉంటుంది. కరోలినా మిల్లు మజ్దూర్‌కి, జాక్సన్ యతీంఖానాలోని ఆ నడిమి పిల్లలకు అందనిది ఈనాటి ఫారం కోడికి రోజూ లెక్క తప్పకుండా అందుతోంది.